అప్‌డేట్: స్నోబోర్డ్ బేస్ షీట్ కటింగ్ కుదిరింది

మొన్న అడిగింది ఇది: స్నోబోర్డ్ (మంచు మీద జారే పలక) అడుగుకు అతికించే 1.2 మి.మీ. ప్లాస్టిక్ బేస్ షీట్‌ను జిగ్‌సాతో (కరెంటు రంపం) కోస్తే అంచు కరిగి ముద్దయితుంది, ఏం చెయ్యాలె? ఆ లొల్లి తీరింది.

జిగ్‌సా వద్దు. ఈ ప్లాస్టిక్ దాదాపు 135 డిగ్రీలకే కరుగుతది, బ్లేడు రాపిడే చాలు. ముందు కత్తితో గీతకు 3-4 మి.మీ. బయట కొయ్యాలె. తర్వాత ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) టెంప్లేట్‌కు, అంటే కొలత అచ్చుకు, డబుల్ సైడ్ టేపుతో అతికించి, టెంప్లేట్ అంచు వెంబడి దొర్లే బేరింగ్ ఉన్న కార్బైడ్ బిట్‌తో రూటర్ (చెక్క అంచులు చెక్కే మిషన్) నడపాలె. బిట్ కొత్తది, స్పీడు తక్కువ. టేపు అంచు దాకా లేకుంటే షీట్ లేచి కొట్టుకుంటది, అంచు అలలు అలలుగా వస్తది.

టెంప్లేట్ బోర్డు సైజుది కాదు. షీట్ చుట్టూ వచ్చే స్టీల్ ఎడ్జ్ (అంచు పట్టీ) వెడల్పు ఎంతో (ఇక్కడ 2 మి.మీ.) చుట్టూ అంత లోపలికి ఉండాలె.

అసలు కిరికిరి మన ఎండ. 10 డిగ్రీలు పెరిగితే ఈ షీట్ మీటరుకు సుమారు ఒకటిన్నర మి.మీ. సాగుతది, స్టీల్ అంత సాగది. హన్మకొండల మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద కోస్తే రాత్రికి షీట్ గుంజుకొని కొలత తప్పుతది. పొద్దుగాల కోసి, వెంటనే ఎడ్జ్‌ను సూపర్ గ్లూ చుక్కలతో నిలబెట్టుడే మేలు. షీట్ గరుకు వైపు ఎపాక్సీ జిగురుకు, నున్నటి వైపు మంచుకు.