సురభి నాటకంలో తీగ కనిపిస్తే తప్పేమిటి?

మూడో వరుస

మొన్న ఆదివారం మా అమ్మాయిని, మా అన్నయ్య కొడుకును, తరతరాలుగా నాటకాలే ఆడుతున్న సురభి నాటక సమాజం వారి 'మాయాబజార్'కు తీసుకెళ్ళాను. ఒకరికి పదేళ్ళు, ఒకరికి పన్నెండు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతుంటే ఆయన నడుముకు కట్టిన తీగ దీపాల వెలుగులో తళుక్కుమంది. "బాబాయ్, తీగ కనిపిస్తోంది" అన్నాడు మా వాడు. ఆ మాట అన్నవాడే, కాసేపటికి ఘటోత్కచుడి బాణం, అభిమన్యుడి బాణం గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాలగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

నాతో వచ్చిన స్నేహితుడి మాట వేరు. రంగులద్దిన ఆ తెరలు తీసేసి వెనక ఎల్ఈడీ తెర పెట్టాలట. తీగలు కనబడకుండా చేయాలట. లేకపోతే సురభి నాటకం జాలిపడి చూసే వస్తువుగా మిగిలిపోతుందట. ఇంటికి చేరేదాకా వాదించుకున్నాం, తేలలేదు. మీరేమంటారు? ఈ రోజుల్లో టికెట్టు కొనుక్కుని వెళ్ళి చూడదగినదేనా?

పరిషత్తు మనిషి

చూడదగినదే, కానీ అందుకు మీరు చెబుతున్న కారణం నాకు నచ్చలేదు. ముప్ఫై ఏళ్ళుగా పరిషత్తు పోటీల్లో నాటకాలు ఆడుతున్నవాడిని. సురభి పేరు ఎత్తగానే అందరూ బాణాల గురించి, నారదుడి గురించి చెబుతారు. పాత్రధారి పద్యం ఎలా పాడాడో, శశిరేఖ ఏ మాటను ఎలా పలికిందో ఒక్కరూ చెప్పరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు 'కీచక వధ'తో మొదలుపెట్టారు. ఏడేళ్ళు తిరిగేసరికి 1892లో విజయనగరం రంగస్థలం మీద 'కన్యాశుల్కం' వచ్చింది. అది మన సమాజాన్ని నిలదీసింది. సురభి పురాణాల దగ్గరే ఉండిపోయింది. నూట నలభై ఏళ్ళ నాటకసంస్థ గురించి మనం మంత్రాలూ మాయలూ మాత్రమే గుర్తుపెట్టుకుంటే, లోపం ఎల్ఈడీ లేకపోవడంలో లేదు. కొత్త నాటకం రాకపోవడంలో ఉంది.

కృష్ణాతీరం

పరిషత్తు గారూ, పురాణాల దగ్గరే ఉండిపోయిందనడం సరికాదు. 1990లలో కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ గారు వచ్చి వాళ్ళతోనే పనిచేశారు. 'భీష్మ', 'చండీప్రియ' చేయించారు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకాన్ని 'బస్తీ దేవత యాదమ్మ'గా మన బస్తీలోకి తెచ్చారు. ఆ సురభి నటులే ఆడారు. చేతకాక కాదు, చూసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ 'మాయాబజార్' అడుగుతారు. పొట్ట నిండాలి కదా.

నాకు అరవై నాలుగు. మా ఊళ్ళో సురభి సమాజం దిగిందంటే రెండు మూడు నెలలు ఉండేది. సంత మైదానంలో రేకులు, తడికలతో హాలు లేచేది. ముందు నేల, వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. మాది ఎప్పుడూ నేలే. రంగస్థలం వెనకే వాళ్ళ కాపురాలు. పొద్దున మేం బడికి వెళ్తుంటే తీగ మీద బట్టలు ఆరేస్తున్న ఆవిడే రాత్రి సత్యభామ. ఆవిడ కూతురు మా తరగతిలో కూర్చునేది. బాలకృష్ణుడి వేషం ఆ పిల్లదే. రాత్రి పొద్దుపోయేదాకా ఆడి, మర్నాడు లెక్కల క్లాసులో నిద్రపోతే మా మాస్టారు లేపేవారు కాదు. ఒక రోజు వచ్చేసరికి ఆ పిల్ల చోటు ఖాళీ. మైదానంలో గుంజలు పాతిన గుంతలు మాత్రం ఉన్నాయి.

మీరు తీగ గురించి అడిగారు. మాకు అప్పుడూ తీగ కనిపించేది. అది లాగుతున్నది ఎవరో కూడా తెలుసు, సత్యభామ గారి మరిది. పగలు సోడా కొట్టు దగ్గర నిలబడేవాడు. అయినా నారదుడు దిగుతుంటే మా నాయనమ్మ చేతులు జోడించేది.

రంగులతెర

నేను పెళ్ళి వేదికలు, సభా వేదికలు కట్టిస్తాను. ఎల్ఈడీ తెరలు అద్దెకు ఇచ్చేవాడిని కాబట్టి నా మాట అటువైపు మొగ్గుతుందని మీరు అనుకోవచ్చు. అయినా చెబుతాను. ఒకసారి స్నేహితుడి వెంట సురభి వారి ప్రదర్శనకు తెర వెనక నిలబడే అవకాశం వచ్చింది. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర, తోట తెర ఒకదాని వెనక ఒకటి చుట్టి వేలాడతాయి. రంగం మారేటప్పుడు ముందు తెర లేచి, వెనక తెర దిగి, పక్క తెరలు మారి, సింహాసనం వచ్చి కూర్చోవాలి. మీరు హార్మోనియం రెండు వరసలు వినేలోపు ఇదంతా అయిపోతుంది. మోకులు లాగేవాళ్ళ అరచేతులు చూశాను, చర్మం గట్టిపడి చెక్కలా ఉంది. అందులో ఒకతను నాలుగు నిమిషాల ముందు కౌరవుడు.

అంత శ్రమ ఎందుకు? వెనక తెర ఒక్కటి ఎల్ఈడీ అయితే మనుషులు తగ్గుతారు, ఖర్చు కలిసొస్తుంది. పాత అందం పేరుతో వాళ్ళ నడుములు విరగాలని కోరుకునే హక్కు ప్రేక్షకులకు లేదు.

మూడో వరుస

రంగులతెర గారూ, శ్రమ గురించి మీరు చెప్పినది కాదనలేను. ఇంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు.

కానీ మనుషులు తగ్గుతారన్నారు చూడండి, నా భయం సరిగ్గా అక్కడే. సురభి అంటే కుటుంబం. తాత హార్మోనియం, కోడలు ద్రౌపది, మనవడు తాడు. తాడు లాగిన పిల్లవాడే ఏళ్ళ తరువాత కృష్ణుడవుతాడు. తాడు పోతే ఆ పిల్లవాడు రంగస్థలం మీదికి వచ్చే దారి పోతుంది. ఒకప్పుడు ఎన్నో ఉన్న సురభి సమాజాలు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మనుషులు తగ్గడం వాళ్ళకు కొత్త కాదు, లాభమూ కాదు.

ఇంకొకటి. వనారస వారి పూర్వీకులు తోలుబొమ్మలాట ఆడించినవాళ్ళు. ఆ ఆటలో బొమ్మకు కట్టిన పుల్ల తెర మీద నీడగా కనిపిస్తూనే ఉంటుంది. ఆడించే మనిషి గొంతూ, కాలి కింద చెక్క చప్పుడూ వినిపిస్తూనే ఉంటాయి. అయినా హనుమంతుడు లంకకు ఎగురుతాడు. సురభి వారి తీగ ఆ పుల్లకు చెల్లెలు. ఎల్ఈడీ మీద నారదుడు ఎంత నున్నగా దిగినా మా వాడు లేచి నిలబడడు. అలాంటివి ఫోనులో రోజూ చూస్తున్నాడు. ఇక్కడ ఒక మనిషి నిజంగా గాలిలో ఉన్నాడు, ఇంకో మనిషి అతన్ని పట్టుకుని ఉన్నాడు. తీగ కనిపించింది కాబట్టే వాడికి అది తెలిసింది.

నాకు కోపం తెప్పించింది నాటకం కాదు, హాలు. పేరు చెప్పను. ఫ్యాన్లు సగం తిరగవు. రెండో అంకంలో మైకులు ఆగిపోయాయి. అప్పుడు ఘటోత్కచుడి పాత్రధారి ఒక అడుగు ముందుకు వేసి, గొంతు పెంచి, మైకు లేకుండానే పద్యం అందుకున్నాడు. చివరి వరుస నుంచి "వన్స్ మోర్" అని అరుపు వచ్చింది. మళ్ళీ పాడాడు. పరిషత్తు గారూ, పద్యం గురించి ఎవరూ చెప్పరన్నారు. ఇదిగో, నేను చెబుతున్నాను.

పరిషత్తు మనిషి

చివరి వరుసకు వినిపించిందంటే ఆ గొంతుకు నా నమస్కారం. మా పరిషత్తుల్లో మైకు పోతే నాటకం ఆపేస్తున్నాం.

నా మాట మాత్రం వెనక్కి తీసుకోను. తీగ ఉండనివ్వండి, తెరలు ఉండనివ్వండి. ఏడాదికి ఒక్క కొత్త నాటకం అడగండి. 1932లో తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'కు నటులను ఇచ్చిన సంస్థ అది, అందులో లీలావతిగా వేసిన సురభి కమలాబాయి గారు ఆ ఇంటి మనిషే. 2013లో ఆ నాటకాలు నడిపించిన సురభి బాబ్జీ గారికి పద్మశ్రీ ఇచ్చి మన పని అయిపోయిందనుకున్నాం. వాళ్ళ నుంచి కొత్తది అడగకపోవడం కూడా చిన్నచూపే.

రంగులతెర

మూడో వరుస గారూ, తాడు లాగే పిల్లవాడి సంగతి నేను ఆలోచించలేదు. సరే, తెరలు ఉంచుదాం. కప్పీలు మాత్రం మార్చాలి. నేను చూసినవి ఇనుప కప్పీలు, అరిగిపోయినవి. బేరింగు ఉన్నవి పెడితే లాగే బరువు చాలా తేలికవుతుంది, తీగ మీద ఒరిపిడి తగ్గుతుంది. తీగ కనిపించినా ఫరవాలేదు, తెగకూడదు. ఆ పని నా చేత అవుతుంది, వాళ్ళు ఒప్పుకుంటే డబ్బు తీసుకోను. సురభి వారితో పరిచయం ఉన్నవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

వాన చినుకు

ఇంతవరకు ఒక్కటీ చూడలేదు. మొదటిసారి ఏ నాటకానికి వెళ్ళాలి, ఎక్కడ కూర్చోవాలి?

కృష్ణాతీరం

'మాయాబజార్' లేదా 'పాతాళభైరవి', ఏది ఆడుతుంటే దానికి వెళ్ళండమ్మా. అరగంట ముందు చేరుకుని హార్మోనియం వైపు కూర్చోండి, శ్రుతి చూసుకునేటప్పటి నుంచీ వినవచ్చు. చిన్నపిల్లలు ఉంటే నడవ పక్క సీటు ఇవ్వండి. బాణాలు వచ్చేసరికి వాళ్ళు కూర్చోరు, వెనకవాళ్ళకు అడ్డం కాకూడదు.

రంగులతెర గారూ, మా ఊరి ఆ సమాజం వాళ్ళ పిల్లలు ఇప్పుడు లింగంపల్లి సురభి కాలనీలో ఉంటున్నారని విన్నాను. వచ్చే నెల హైదరాబాదు వస్తున్నాను. కలిసి వెళ్దాం.