తోటి నటుడు స్టేజీ మీద సొంత డైలాగులు కలుపుతుంటే ఏం చేయాలి?

నాటకాలు వేసిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. నాతో వేసే ఆయన, జనం నవ్వితే చాలు, స్క్రిప్టులో లేని మాటలు కలిపేస్తున్నారు. నిన్న "ఉత్తరమేదీ?" అని అడగాల్సిన చోట జోకేశారు. జేబులో ఉత్తరం పట్టుకుని నేను కొయ్యలా నిలబడిపోయాను. హాలు మాత్రం గొల్లుమంది!

1952లో లండన్‌లో మొదలైన 'ది మౌస్‌ట్రాప్' అనే హత్య మిస్టరీ నాటకమంటే నాకు ప్రాణం. హంతకుడెవరో బయట చెప్పొద్దని చివర్లో ప్రేక్షకుల్నే అడుగుతారు. చూసేవాళ్లకే అంత నియమముంటే వేసేవాళ్లకి ఉండొద్దా?

షో అయ్యాక సగం మేకప్‌తోనే పది నిమిషాలు కళ్లు మూసుకుని పాటలు వినడం నాకున్న ఒకే ఒక్క విలాసం. ఇప్పుడు అదీ మనసుకెక్కట్లేదు.

వయసులో పెద్దాయన. నేరుగా ఆయనకే చెప్పనా, దర్శకుడి చెవిన వేయనా? కుళ్లుకుంటున్నానని అనుకోరు కదా?