పట్టుబడ్డ ఏనుగు దంతాలు తగలబెట్టాలా, అమ్మాలా?

సుధీర్:
2016 ఏప్రిల్‌లో కెన్యా నైరోబీ నేషనల్ పార్కులో 105 టన్నుల దంతాలను గుట్టలుగా పేర్చి కాల్చేసింది. నాకిది ఇప్పటికీ మింగుడుపడదు. అందులో సహజంగా చనిపోయిన ఏనుగులవీ ఉన్నాయి. అమ్మితే ఎంతమంది అటవీ గార్డులకు జీతాలివ్వచ్చు! సరుకు పెరిగితే రేటు పడుతుంది, అప్పుడు వేటగాడికి గిట్టదు.

కల్యాణి:
అమ్మి చూశారు సుధీర్ గారూ. దంతాల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని సైటిస్ (ప్రమాదంలో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) సభ్యదేశాలు 1989లో నిర్ణయించాయి. 2008లో మాత్రం నాలుగు ఆఫ్రికా దేశాలను వంద టన్నులకు పైగా చైనా, జపాన్‌లకు అమ్ముకోనిచ్చారు. వచ్చింది సుమారు కోటిన్నర డాలర్లు. ఆ తర్వాతి ఏళ్లలో వేట పెరిగింది.

సుధీర్:
ఆ అమ్మకం వల్లే పెరిగిందని ఎలా అంటారు? అప్పుడే చైనాలో జనం చేతిలో డబ్బూ ఆడింది కదా.

కల్యాణి:
నిజమే, దాని మీద పరిశోధకులే ఒక మాట మీద లేరు. నా అభ్యంతరం వేరు. షాపులో చెక్కిన బొమ్మ చూసి, అది పాత స్టాకుదో నిన్న చంపిన ఏనుగుదో ఎవరూ చెప్పలేరు. డీఎన్ఏతో ఏ ప్రాంతపు ఏనుగో, రేడియోకార్బన్‌తో ఎప్పుడు చనిపోయిందో ల్యాబులో తేల్చవచ్చు. కానీ ప్రతి గాజుకీ, ప్రతి ఉంగరానికీ ఆ పరీక్ష చేసేదెవరు? ఒక్క సర్టిఫికెట్ చాటున ఎంత దొంగ సరుకైనా నడుస్తుంది. చివరికి చైనాయే 2017 ముగిసేసరికి తన దేశంలోని దంతాల మార్కెట్టును మూసేసింది.

నాగేశ్:
ఇద్దరూ ఏనుగు దగ్గరే ఆగిపోయారు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో వికూన్యా అని ఒంటె జాతి జంతువు ఉంది. ఉన్ని కోసం చంపీ చంపీ 1960ల నాటికి కొన్ని వేలకు తెచ్చారు. ముందు పూర్తిగా నిషేధించారు. తేరుకున్నాక, బతికున్న జంతువును పట్టి ఉన్ని కత్తిరించి వదిలేసే హక్కు అక్కడి ఊళ్లవాళ్లకే ఇచ్చారు. ఇప్పుడవి లక్షల్లో ఉన్నాయి. దొంగవేట ఇంకా ఉంది, అది వేరే సంగతి. ఖడ్గమృగం కొమ్ము కూడా మన గోళ్లలాంటి కెరటినే, జాగ్రత్తగా కోస్తే మళ్లీ పెరుగుతుంది. ఏనుగు దంతం మొదలంటా తీస్తే మళ్లీ రాదు.

కల్యాణి:
ఆ ఆశతోనే దక్షిణాఫ్రికాలో ఒకాయన దాదాపు రెండు వేల ఖడ్గమృగాలను పెంచాడు. విదేశాలకు కొమ్ము అమ్మే అనుమతి రాలేదు, ఖర్చు తడిసి మోపెడైంది. 2023లో ఆ మందను ఒక సంరక్షణ సంస్థ తీసుకుంది.

సుధీర్:
అంటే అనుమతి రాక మునిగాడు, పద్ధతి తప్పై కాదు! కొమ్ము అమ్మకంలో చుట్టుపక్కల ఊళ్లకు వాటా రాసిస్తామంటే దంతాల మాట నేను వదిలేస్తాను. మీరు ఒప్పుకుంటారా?