వీపీఎన్ టన్నెల్‌లో వీడియో సమావేశాలకు ప్రాధాన్యం దక్కడం లేదు

మా బ్రాంచి ఆఫీసుకు 50 ఎంబీపీఎస్ డౌన్‌లోడ్, 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న ఒకే లైను ఉంది. ట్రాఫిక్ అంతా ఐపీసెక్ వీపీఎన్ టన్నెల్ (డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఇతరులు చదవలేని రూపంలోకి మార్చి పంపే దారి) ద్వారా ప్రధాన కార్యాలయానికి వెళ్లి, అక్కడి నుంచే ఇంటర్నెట్‌లోకి పోతుంది. ఉదయం పది గంటలకు నాలుగైదు వీడియో సమావేశాలు ఒకేసారి మొదలైతే, అవతలివారి మాట మాకు స్పష్టంగానే వినిపిస్తుంది కానీ మా మాట వారికి ముక్కలుముక్కలుగా చేరుతోంది. ఆ సమయంలో పింగ్ (ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం) 25 మిల్లీసెకన్ల నుంచి 400 దాటుతోంది, అప్‌లోడ్ పూర్తిగా నిండిపోతోంది. కనుక ఇబ్బంది డౌన్‌లోడ్‌లో లేదు.

వీడియోను 720పీ నుంచి 360పీకి తగ్గించి, బ్యాకప్‌ను రాత్రికి మార్చాం. కొంత నయమే, కానీ పగలు ఆపలేని ఫైళ్ల సింక్ మిగిలిన జాగా అంతా తినేస్తోంది. తర్వాత రౌటర్‌లో యూడీపీ పోర్టుల (ప్యాకెట్ ఏ యాప్‌దో సూచించే సంఖ్యల) ఆధారంగా ఆడియోకు, వీడియోకు వేర్వేరు ప్రాధాన్య వరుసలు పెట్టి, బయటి ఇంటర్‌ఫేస్ మీద అప్‌లోడ్‌ను 9 ఎంబీపీఎస్‌కు పరిమితం చేశాను. అయినా ఆ వరుసల కౌంటర్లు సున్నా దగ్గరే ఉన్నాయి, ప్యాకెట్లన్నీ సాధారణ వరుసలోనే పోతున్నాయి. ఏ ప్యాకెట్ ఏ వరుసలోకి వెళ్లాలో తేల్చే వర్గీకరణ ఎన్‌క్రిప్షన్ తర్వాత జరుగుతున్నందున లోపలి పోర్టులు రౌటర్‌కు కనబడటం లేదని నా అనుమానం. (లైను పెంచేందుకు ప్రస్తుతం అనుమతి లేదు.)

ఈ స్థితిలో ఎన్‌క్రిప్షన్‌కు ముందే వర్గీకరించేలా మార్చడం మేలా, లేక సమావేశాల ట్రాఫిక్‌ను మాత్రం టన్నెల్ బయట నేరుగా ఇంటర్నెట్‌కు పంపడం మేలా?