చుక్కలన్నీ వేయించిన బాబుకు కూడా పోలియో పరీక్ష ఎందుకు?

ప్రశ్న:
మా అన్నయ్య గారి నాలుగేళ్ల బాబుకు జ్వరం తగ్గాక రెండు కాళ్లూ పట్టు తప్పాయి. మొదట ఊళ్లోనే చూపించి ఆలస్యం చేశాము. పట్నంలో పిల్లల డాక్టరు గారు అది గీలన్ బారీ అనే నరాల జబ్బని చెప్పి చికిత్స మొదలుపెట్టారు. అయినా 17వ రోజున ఆరోగ్య శాఖవారు వచ్చి, ఒక రోజు తేడాతో రెండుసార్లు మలం నమూనాలు తీసుకున్నారు. 60 రోజులు నిండాక మళ్లీ వస్తామన్నారు. దేశంలో పోలియో లేదని 2014లోనే ప్రకటించారు కదా, పైగా మా వాడికి పల్స్ పోలియో ఒక్క విడత కూడా తప్పలేదు. వదిన చాలా భయపడుతున్నది.

మొదటి సమాధానం:
అమ్మా, అది మీ బాబు ఒక్కడి మీద అనుమానంతో చేసిన పరీక్ష కాదు. పదిహేనేళ్ల లోపు పిల్లల్లో ఎవరికి కాలో చెయ్యో హఠాత్తుగా మెత్తబడి చచ్చుబడినా, డాక్టరు ఏ జబ్బని తేల్చినా సరే, ఆ కేసును నమోదు చేసి మలం పరీక్షించాలన్నది జాతీయ పోలియో నిఘా ప్రాజెక్టు 1997లో మొదలైననాటి నుంచీ ఉన్న పద్ధతి. ఏఎఫ్‌పీ (అక్యూట్ ఫ్లాసిడ్ పారాలసిస్, అంటే హఠాత్తుగా వచ్చే మెత్తటి పక్షవాతం) నిఘా అనేది దీన్నే. వైరస్ సోకిన సుమారు 200 మందిలో ఒక్కరికే పక్షవాతం వస్తుంది కాబట్టి, ఆ ఒక్కరిని వదిలేస్తే వెనక ఉన్న వందల మంది సంగతి ఎవరికీ తెలియదు. అందుకే పోలియోను వెతకడానికి పక్షవాతాలన్నిటినీ లెక్కపెడతారు. నేను ఈ నిఘాలో పనిచేసిన రోజుల్లో నమూనాలను ఐసు పెట్టెలో పెట్టుకుని బస్సులో తీసుకెళ్లేవాళ్లం. దారిలో వేడికి వైరస్ చస్తే "లేదు" అని వచ్చిన ఫలితానికి విలువ ఉండదు.

రెండో సమాధానం:
మన దేశంలో 2009లో 741 పోలియో కేసులు, 2010లో 42, 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో ఒకటి, ఆ తర్వాత సహజ వైరస్ వల్ల ఒక్కటీ లేదు. ఈ సున్నాను ప్రపంచం నమ్మిందంటే, ఆ రోజుల్లో ఏటా 50 వేలకు పైగా పక్షవాతం కేసులను పరీక్షించి "కాదు" అని తేల్చినందువల్లనే. పోలియో లేకపోయినా లక్ష మంది పిల్లల్లో ఏటా కనీసం ఒకరికి ఇలాంటి బలహీనత వస్తుంది. కనుక ఏ జిల్లా నుంచైనా ఒక్క కేసూ రాలేదంటే అది శుభవార్త కాదు, అక్కడ వెతకడం లేదని అర్థం. మురుగునీటిని కూడా పరీక్షిస్తారు. 2016లో హైదరాబాదు అంబర్‌పేట మురుగునీటిలో టీకా నుంచి పుట్టి రూపం మారిన రెండో రకం పోలియో వైరస్ కనబడినప్పుడు, ఒక్క బిడ్డకూ కాలు పడిపోకముందే దాదాపు మూడు లక్షల మంది పిల్లలకు పోలియో టీకా ఇంజెక్షన్ వేశారు.

మొదటి సమాధానమిచ్చినవారు మళ్లీ:
60 రోజుల సంగతి చెప్పడం మరిచాను. కాళ్లు పట్టు తప్పిన 14 రోజుల లోపు నమూనాలు తీయాలి. రోజులు గడిచేకొద్దీ మలంలో వైరస్ దొరకడం కష్టమవుతుంది. మీవి ఆలస్యమయ్యాయి కనుక, బలహీనత మిగిలిందో లేదో చూడటానికి స్వయంగా వస్తారు. మిగిలితే నిపుణుల కమిటీ కాగితాలన్నీ చూసి నిర్ణయిస్తుంది. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, నరాల పరీక్ష రిపోర్టు అంతదాకా జాగ్రత్తగా ఉంచమని వదిన గారికి చెప్పండి.