జబ్బు పేరు చెప్పకుండా ట్రయల్ కాగితాల మీద నాన్న చేత సంతకం పెట్టించొచ్చా?

ఉప్పల్ అబ్బాయి:
నాన్నకి 64 ఏళ్లు. పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్, లివర్‌కి పాకింది, ఆపరేషన్ కుదరదన్నారు. నాన్నకి మాత్రం "పొట్టలో గడ్డ, మందులకి కరుగుతుంది" అని చెప్పాం. మొన్న డాక్టరుగారు ఒక క్లినికల్ ట్రయల్ (కొత్త మందుని పేషెంట్ల మీద పరీక్షించి చూడటం) ఉందంటూ ఇరవై పైచిలుకు పేజీల తెలుగు కాగితాలు చేతిలో పెట్టారు. మొదటి పేజీలోనే జబ్బు పేరుంది. "చెప్తే మనిషి మంచం పట్టేస్తాడు, కొడుకువి నువ్వే పెట్టెయ్" అంటున్నారు అమ్మ, బాబాయి. ఏం చేయమంటారు?

మలక్‌పేట అక్క:
అమ్మ మాట విను తమ్ముడూ. మా మామయ్యకి చెప్పిన రోజు నుంచి ముద్ద నోట్లో పెట్టలేదు. అసలు ట్రయల్ అంటేనే నాకు భయం. 2009-10లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి వేసిన హెచ్‌పీవీ టీకాల (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేవి) సంగతి మర్చిపోయారా? ఆ పిల్లల్లో చాలామంది తరఫున హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు.

కోఆర్డినేటర్:
అక్కా, అక్కడ జరిగిన తప్పే అది. ఒకరి శరీరానికి ఇంకొకరు సంతకం పెట్టడం. ఇప్పుడు ఇంట్లోవాళ్లం మనమే ఆ పని చేద్దామా?

ట్రయల్స్‌లో ఆరేళ్లు పనిచేశాను, అందుకే చెప్తున్నా. 2019 నాటి నిబంధనల ప్రకారం స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగలిగిన పేషెంటు సంతకం కొడుకు పెట్టడానికి వీల్లేదు. చదువు రాకపోతే సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ఎప్పుడు మానుకున్నా మామూలు వైద్యం ఆగదు. ట్రయల్ మందు వల్ల హాని జరిగితే వైద్యం ఉచితం, పరిహారం కూడా ఇవ్వాలి. మందుల ట్రయల్ ఏదైనా సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, 2009 జూన్ నుంచి అది తప్పనిసరి. మీ కాగితాల మీద ఆ నంబరు ఉందేమో చూడండి.

ఇక ఆ తెలుగు! "యాదృచ్ఛికీకరణ" అని రాస్తారు. ఒక పెద్దాయన వేలు పెట్టి ఆ మాట దగ్గరే ఆగిపోయి, "ఇది ఆపరేషనా అమ్మా?" అన్నాడు. "కాదు బాబాయ్, చీటీ వేసినట్టు. కొత్త మందా, ఇప్పుడున్న మందా అన్నది కంప్యూటర్ తీస్తుంది, డాక్టరు చేతిలో కూడా ఉండదు" అన్నాక ఊపిరి తీసుకున్నాడు. ఫేజ్ ఏదో కూడా అడగండి. ఒకటో ఫేజ్‌లో ముఖ్యంగా ఎంత డోసు తట్టుకుంటారో చూస్తారు. మూడో ఫేజ్‌లో ఉన్న వైద్యంతో పోలుస్తారు. రెండూ ఒకటి కాదు.

మలక్‌పేట అక్క:
చట్టం సరే. ఇంతా చేసి ఎన్నాళ్లు కలిసొస్తుంది?

కోఆర్డినేటర్:
ఈ ట్రయల్ సంగతి ముందే ఎవరూ చెప్పలేరు, అందుకే కదా ట్రయల్. ఈ క్యాన్సర్‌కి ఇప్పుడు వాడుతున్న ఫోల్ఫిరినాక్స్ అనే కీమో (కొన్ని మందులు కలిపి ఇచ్చేది) కూడా అలా వచ్చిందే. 2011లో ఫ్రాన్స్ ట్రయల్ ఫలితాల్లో పాత కీమో మందు జెమ్‌సిటబిన్ తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయువు 6.8 నెలలు, ఫోల్ఫిరినాక్స్‌తో 11.1 నెలలు. మధ్యస్థం అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ బతికారు, సగం మంది తక్కువ. కానీ ఫోల్ఫిరినాక్స్‌తో విరేచనాలు, వేళ్ల తిమ్మిర్లు, ఇన్ఫెక్షన్ల బెడద ఎక్కువ. అందరూ తట్టుకోలేరు. ఆ నాలుగు నెలలు ఎక్కువో తక్కువో తేల్చాల్సింది వాటిని అనుభవించే మనిషే కదక్కా.

మలక్‌పేట అక్క:
నువ్వన్నదాన్లో న్యాయం ఉంది. కానీ ఆ రాత్రి ఆయన పక్కన కూర్చునేది రూల్సు కాదమ్మా, ఇంట్లో ఆడవాళ్లు.

ఉప్పల్ అబ్బాయి:
ఆదివారం చెప్పేశాను. అక్క అన్నట్టే ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఏడవలేదు, కోప్పడ్డారు. "నెల కిందటే తెలిస్తే సూర్యాపేట వెళ్లి మీ మేనత్తని చూసొచ్చేవాణ్ణి కదరా, ఓపికుండగా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పొద్దున్నే కళ్లజోడు తెమ్మని కాగితాలు ముందేసుకున్నారు. పన్నెండో పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్నారు: "మళ్లీ సూది గుచ్చి ముక్క తీస్తారా? ఉప్పల్ నుంచి రానుపోను ఖర్చు ఎవరిది?" సంతకం ఇంకా పెట్టలేదు. ముందు సూర్యాపేట వెళ్లొస్తారట. ట్రయల్‌లో చేరడానికి గడువేమైనా ఉందేమో రేపు డాక్టరుగారిని అడుగుతాను. అమ్మ మాత్రం ఇంకా నాతో మాట్లాడట్లేదు.