‘జూడా’ను తెలుగులో ‘కొప్పు’ అనొచ్చా?

అత్తాపూర్_అమ్మ:
మా సిక్కు పిల్లల ఆదివారం క్లాసు కోసం చిన్న బొమ్మల పుస్తకం చేస్తున్నాం. ఎడమ పేజీలో గురుముఖి (పంజాబీ లిపి), కుడి పేజీలో తెలుగు. మొదటి బొమ్మలో అమ్మ కంఘాతో (దువ్వెనతో) బాబు జుట్టు దువ్వి, నడినెత్తిన ముడి వేసి, పట్కా (చిన్న తలగుడ్డ) కడుతుంది. ఆ ముడిని మేం ‘జూడా’ అంటాం, దానికి తెలుగులో ‘కొప్పు’ అని రాశాను. సరేనా?

చార్మినార్_చాయ్:
కొప్పు ఆడవాళ్లది. సిగ అనండి.

పైంతీ35:
అసలు తెలుగే వద్దు. గురుముఖిలో అసలు అక్షరాలు 35. కూర్చోబెడితే వచ్చేస్తాయి. పక్కన తెలుగు ఉంటే కళ్లు అటే పోతాయి. ‘పగ్డీ’ (తలపాగా)లో ఆ ‘డ’ నాలుక మడిచి కొట్టి పలకాలి, తెలుగులో ఆ అక్షరమే లేదు.

అత్తాపూర్_అమ్మ:
సిగ అని ఇప్పుడెవరంటున్నారండీ? పైంతీ వీర్‌జీ (అన్నయ్యా), మన పవిత్ర గ్రంథం గురు గ్రంథ్ సాహిబ్‌లో మరాఠీ సంత్ నామ్‌దేవ్ పదాల్లో మరాఠీ మాటలు లేవా?

పైంతీ35:
ఉన్నాయి. రాసింది గురుముఖిలోనే కదా? నేనంటున్నదీ అదే.

బీదర్_బాట:
1699లో ఆనంద్‌పూర్‌లో గురు గోవింద్ సింగ్ అడిగితే తల ఇవ్వడానికి లేచిన పంచ్ ప్యారేలలో (ఐదుగురు ప్రియ శిష్యుల్లో) భాయీ సాహిబ్ సింగ్ బీదర్ వారు. 1956 దాకా బీదర్ హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఆ కథతో మొదలుపెట్టండి, సిక్కు అంటే ఎక్కడో పంజాబ్ అనుకోరు. గురువుల బొమ్మలు మాత్రం వేయకండి, ఇంకో గొడవ.

చార్మినార్_చాయ్:
సిగ నిఘంటువులో ఉంది. చూసుకోండి.

పక్కింటి_పిన్ని:
నేను సిక్కును కాను. మా వాడు రెండో తరగతిలో పక్క పిల్లాడి పట్కా లాగేశాడు. ‘లోపల ఏముందో చూద్దామని’ అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఈ పుస్తకం మా వాడికి కూడా కావాలి. వాడికి గురుముఖి ఎలా వస్తుంది?

పైంతీ35:
మీ అబ్బాయికి వేరే పుస్తకం రాసుకోవచ్చమ్మా. ఇది మన పిల్లల కోసం. ఇంట్లో పంజాబీ మాట్లాడితే ఈ తిప్పలే ఉండవు.

అత్తాపూర్_అమ్మ:
‘మన’ అంటే ఎవరండీ? 1832లో రంజిత్ సింగ్ మహారాజు నిజాం దగ్గరికి పంపిన దళంతో వచ్చినవాళ్లం మేము. మా నానమ్మ జప్‌జీ (పొద్దుటి ప్రార్థన) పూర్తి చేసి తెలుగులోనే కూరగాయలు బేరమాడేది. మా చెల్లిని చూసుకోవడానికి వచ్చినవాళ్లు ఇంటి గుమ్మంలోనే ‘పంజాబీ రాని సిక్కులేంటి’ అన్నారు. సంబంధం తప్పిపోయింది. మీరూ అదే మాట అంటున్నారు. కొప్పు, సిగ కాదు మీ బాధ.

పైంతీ35:
నేను ఆ మాట అనలేదు.

పైంతీ35:
నా మనవడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఇంగ్లిష్, పంజాబీ పక్కపక్కన ఉన్న పుస్తకాలు డజను పంపాను. ఇంగ్లిష్ వైపు కంఠతా పట్టాడు. గురుముఖి వైపు అక్షరాల సున్నాల్లో రంగులు నింపాడు. వీడియో కాల్‌లో చూపించి మరీ నవ్వాడు. మీకు తెలుగు పోతుందని భయం లేదు. నాకు పంజాబీ పోయింది.

బీదర్_బాట:
అంకుల్, ఆ సున్నాల్లో నింపేటప్పుడైనా అక్షరం చూశాడుగా.

పైంతీ35:
మాటలు బాగానే చెప్తారు. అమ్మా, మీ బాబు ఆ ముడిని ఏమంటాడు?

అత్తాపూర్_అమ్మ:
‘జూడా’ అనే. మా ఇంట్లో దానికి తెలుగు మాట ఎవరూ వాడరు.

పైంతీ35:
మరి రెండు వైపులా జూడా అనే రాయండి.

చార్మినార్_చాయ్:
మరి ఇంతసేపూ నాతో సిగ గొడవ ఎందుకు పెట్టుకున్నారు?